మాటల పెట్టె : పాడు



పోయిన మాసము ఈ పుటలో ఊళ్ళ పేర్లను గూర్చి ముచ్చటించుచు మేమొక వాక్యము వ్రాసితిమి. కొల్లాపురము వైపున కృష్ణయొడ్డున పాడుపడిన యూళ్ళ పేర్లలో ఎన్నియో చక్కని తెలుగు మాటలు దాగియున్నవని దాని భావము. పత్రిక యింటికి వచ్చిన నాటి రాత్రి, వంటయిల్లు సర్దుకొని, అలవాటు చొప్పున మా అత్తగారికి చదివి వినిపించితిమి. ఆమెకు కన్నులు మసకవారినది మొదలు చదువుట మా వంతు, వినుట ఆమె వంతు. అంతవరకు ఊకొట్టుచున్న యామె ఆ వాక్యము కడ ఊరకుండెను. పుట ముగిసిన పిమ్మట "పాడువడిన ఊర్లు అని రాస్తివా?" అని మాత్రమడిగి, లేచి పోయి పడుకొనెను. మఱునాడు మాతో మాటలాడలేదు. మూడవనాడు బియ్యము చెఱుగుచు, చేట దించకయే, తనంత తానుగా చెప్పినది:

"మా ఊరు పాడువడలేదు పిల్లా. పాడువడనీకె మేమేమన్న ఇడిసిపెట్టి పోతిమా? దూలాలు గట్టిగుండె, గోడలు గట్టిగుండె. నీళ్లొచ్చె, ముంచె."

ఆమె పుట్టినిల్లు శ్రీశైలము జలాశయములో మునిగిన యూళ్ళలోనిది. ఆనకట్టకు పునాది 1963లో పడినది. ఊళ్ళను ఖాళీచేయించిన యేడు 1981. నాటి కర్నూలు, మహబూబునగరము జిల్లాలలో 100కు పైగా గ్రామములు ఆ నీటిక్రిందికి పోయినవి. అప్పటికామె కాపురమునకు వచ్చి రెండేండ్లు. మేమింకను పుట్టలేదు. మేము పుట్టకమున్ను మునిగిన యూరికి, పీట మీద కూర్చుండి, చేతికందిన మాటను తగిలించితిమి. కావున ఈ మాసము ఆ మాటనే పెట్టెలోనుండి తీసి విప్పి చూడవలసివచ్చినది.

నేడు "పాడు" అనునది మన యిండ్లలో అన్నిటికంటె చవుకైన మాట. పాలు పాడైనవి, కూర పాడైనది, గడియారము పాడైనది, పిల్లవాని బుద్ధి పాడైనది, కాలమే పాడుకాలము. ఇంతటి చాకిరి ఒక్క మాటచేత చేయించుట మన సోమరితనము. మా అమ్మమ్మగారి వంటయింటిలో ఒక్కొక్క వస్తువు చెడుటకు ఒక్కొక్క మాట యుండెడిది. బియ్యము ముక్కును. అన్నము పాచిపోవును, మా పాలమూరువారి నోట అది పాసిపోవును. పాలు విఱుగును. పెరుగు పులియును. నూనె సరిగా పోయని యావకాయ బూజుపట్టును. వంకాయ పుచ్చును, ఉల్లిగడ్డ కుళ్ళును. ఇనుమునకు త్రుప్పు, ఇత్తడికి చిలుము, పెట్టె అడుగున మడచియుంచిన చీరకు చివుకు. పుస్తకమునకు చెద. చద్దియన్నమును వీనిలో చేర్చరాదు, అది చెడినది కాదు, నిలిచినది మాత్రమే. ఈ మాటలలో ప్రతిదానికి తనదైన వాసనయు రంగును ఉన్నవి; "ముక్కిన బియ్యము" అనగానే ఎండబెట్టవలెనని తెలియును, "పుచ్చినది" అనగానే పురుగును వెదకవలెనని తెలియును. "పాడైనది" అన్నచో పాఱవేయుట యొక్కటే తోచును.

అయితే పాడు అనునది మొదట వంటయింటి మాటయే కాదు. అది ఊరిబయటి మాట.

మా వీధిలో రాయచూరు నుండి గద్వాలకు, గద్వాల నుండి ఇచ్చటికి వచ్చిన కోడలొకతె కలదు. ఇంటిలో కన్నడము, వాకిటిలో తెలుగు. ఆమె నడిగితిమి. కన్నడములో పాట పాడుటకు "హాడు" అందురు. పాడుపడుటకు "హాళు" అందురు. రెండును వేఱు వేఱు. మన తెలుగులో రెండును "పాడు"యే! మన పకారము కన్నడములో హకారమగుట ఆమెకును మనకును క్రొత్త గాదు: మన పాలు వారికి హాలు, మన పులి హులి, మన పువ్వు హూవు. ఇక తుది యక్షరము సంగతి. అరవములో పాట పాడుటకు పాడు అనియే యందురు గాని, శూన్యమైన చోటును చెప్పునపుడు నాలుక మడచి పలికెడు వేఱొక ళకారమును వాడుదురు. వారి కోడిలోను, ఏడు అను సంఖ్యలోను ఉన్నది ఆ యక్షరమే. కన్నడమువారు దానిని మామూలు ళకారము చేసి కోళి, ఏళు అనుచున్నారు. మనము డకారము చేసి కోడి, ఏడు అనుచున్నాము. రేనాటి చోళుల నాటి తెలుగు శాసనములలో ఆ యక్షరమునకు మనకును ప్రత్యేకమైన లిపి యుండెను. తరువాత నది మన వ్రాతనుండి తొలగినది. అక్షరము పోయినందువలన రెండు మాటలు ఒక్క రూపమున వచ్చి కూర్చున్నవి. గానము చేయు "పాడు"నకును, గోడలు కూలిన "పాడు"నకును చుట్టఱికము లేదు. ఒకే చీర కట్టుకొనిన ఇద్దఱు పొరుగింటి యాడవారివంటివి.

ఆ హాళు, ఈ పాడు, అరవమువారి మాట, మూడును మొదట చెప్పునది ఒక్కటే: మనుష్యసంచారము లేక పోయిన చోటు. జనము విడిచిన యూరు పాడూరు. నీరు తోడువారు లేని బావి పాడుబావి. పూజ మానిన గుడి పాడుగుడి. చూడుడు, బావిలో నీరుండవచ్చును, గుడికి కప్పు గట్టిగా నుండవచ్చును. తోడెడు చేయి, దీపము పెట్టెడు చేయి లేకపోవుటయే పాడు. పాడైన యూరికి మిగిలినవాడే గౌడు అని కన్నడమువారికొక సామెత కలదట, రాయచూరి కోడలు చెప్పి నవ్వినది. తక్కిన యర్థములన్నియు, చెడిన పాలును నిలిచిపోయిన గడియారమును, ఆ నిర్జనమైన యూరినుండి మెల్లమెల్లగా మన యిండ్లలోనికి నడచివచ్చినవే.

మఱియొక "పాడు" కలదు. ప్రత్తిపాడు, కంకిపాడు, బూర్గంపాడు అను పేళ్ళ తుదిని ఉన్నది. దానిని జూచి ఆ యూళ్ళన్నియు నొకప్పుడు పాడుపడినవని భ్రమపడరాదు. ఇది అరవ కన్నడములందలి "పాడి"కి చుట్టము. జనము కూడి నివసించు పల్లె యని యర్థము. శూన్యమైన చోటును నిండైన చోటును తెలుగున ఒక్క రూపమునకే వచ్చిన వింతను మేము చిన్ననాడు మా నాయనగారి నడిగి, "వ్యాకరణమునకు దయ లేదమ్మా" అను సమాధానము పొందితిమి. ప్రత్తిపాడువారు ప్రత్తిపాటివారైనట్లు, ఇంటిపేరు తుదిని "పాటి" గల సోదరీమణులు నిశ్చింతగా నుండవచ్చును. వారిది నివాసపు పాడు.

పాటి యనగానే జ్ఞాపకమునకు వచ్చినది. నాడు నాటి యగును, కాడు కాటి యగును, గూడు గూటి యగును. వీనిని ఔపవిభక్తికములని బాలవ్యాకరణము చెప్పును. అట్లే పాడు "పాటి" యగును. ఈ సూత్రమును మేము కంఠస్థము చేసినది పదునొకండవ యేట. దాని కుదాహరణము మా కంటబడినది పెండ్లియైన పిదప, నాగరుకర్నూలు దగ్గఱ ఒక చేనిగట్టున. వేసవిలో ఎడ్లబండ్లపై, ట్రాక్టర్లపై బూడిదరంగు మట్టి తోలుచుండిరి. అదేమని యడుగగా "పాటిమన్ను" అనిరి. ఎచ్చటిదనగా "పాటిగడ్డమీదిది" అనిరి. పాటిగడ్డ యనగా పాడూరి దిబ్బ. తాతముత్తాతల నాటికి ముందెన్నడో జనము విడిచిన యూరు మన్నైపోయిన చోటు. సూత్రము మట్టిరూపమున మా చేతిలోనికి వచ్చినట్లుండెను.

ఆ మన్ను చేనికి బలమెందుకనిన, వందల యేండ్లు ఆడవారు ఊడ్చిపోసినది గనుక. పొయ్యిలోని బూడిద, పశువుల పేడ, ఎముకలు, తొక్కలు, పొట్టు, కూలిన మట్టిగోడలు, అన్నియు చివికి చివికి సారమైనవి. వెనుకటి కాలమున ఇట్టి పాతయూళ్ళ మట్టిని నీట కలిపి కాచి, తుపాకిమందునకు సురేకారమును తీయుటయు కలదు. మన చీపురుకట్ట ప్రోగుచేసినదానితో ఒకప్పుడు యుద్ధములుగూడ జరిగినవన్న మాట. ఉమ్మడి మహబూబునగరము జిల్లాలోని ఉట్నూరున నున్న బూడిదదిబ్బ ఇంకను పురాతనమైనది. ఆల్చిన్ అను ఆంగ్లేయ పండితుడు 1957లో దానిని త్రవ్వించి, 1963లో ఒక గ్రంథము ప్రకటించెను. నాలుగువేల యేండ్లకు పూర్వము ఇనుమెఱుగని పశుపాలకులు తమ ఆవుల దొడ్లలో పేరుకొనిన పేడను కాల్చుచుండగా ఏర్పడిన దిబ్బయట అది.

పాటిమన్ను తోలుట తగునా యని మా ఇంటిలో తగవు గలదు. మా వారు బడిలో చరిత్ర చెప్పువారు. ఆ మట్టిలో పెంకులు, పూసలు, మట్టిబొమ్మలు, ఒక్కొక్కయెడ నాణెములు నుండును. బండితో తోలిన మన్నుతో అవి చేలపాలైనచో ఇక వాని కథ తెలియదని వారి బాధ. రైతు బాధ వేఱు. ఎరువునకు డబ్బు కావలెను, పాటిమన్నునకు బండి బాడుగ చాలును. మేము వారి పక్షమే యైనను, ఆ మన్ను పడిన చేనిలోని జొన్నకంకిని చూచినప్పుడు రైతునేమనుటకును నోరు రాదు. బడిపిల్లలొకమాఱు ఆ దిబ్బమీదినుండి చేతిగాజు ముక్కను తెచ్చి మాకిచ్చిరి. శంఖమును కోసి చేసినది. మా చేతికి పట్టదు, పదేండ్ల పిల్ల చేతిది. దానిని కుంకుమ బరిణెలో దాచితిమి.

ఇక మన జిల్లాలవారు, నిజము చెప్పవలెనన్న, పాలు పాడైనవని యనరు. ఖరాబైనవందురు. పండితులు ఈ మాటను జూచి ముక్కు చిట్లింతురు గాని మేము చిట్లింపము. ఖరాబు అరబ్బీ మాట. దాని మొదటి యర్థమేమనుకొన్నారు? శూన్యమైన చోటు, కూలిన ఊరు! దానికి ఎదురుమాట ఆబాదు, ఫారసీమాట. హైదరాబాదు తుదిని ఉన్నదదియే, ఊరిలో ఇండ్లుండు నేలను ఆబాది యనుటయు దానివలననే. ఎక్కడి యెడారి, ఎక్కడి కృష్ణయొడ్డు! అచ్చటను మనుష్యులు మొదట విడిచిన యూరిని జూచి ఒక మాట కల్పించుకొని, దానినే తెచ్చి చెడిన పాలకు వాడుకొనిరి. సాగునకు రాని నేలను పోట్‌ఖరాబు అని పట్వారీలు వ్రాసిన లెక్కలు మన పెద్దల ట్రంకుపెట్టెలలో ఇప్పటికిని దొరకును.

సంస్కృతము వేఱు త్రోవ నడచినది. శిథిలమనగా కూలినదని కాదు, సడలినదని. కవులు కొప్పు వీడినను శిథిలమే యందురు. జీర్ణమనగా అరిగినది. గుడి జీర్ణమగును, తిన్న యన్నమును జీర్ణమగును. పసిబిడ్డకు పాలుపట్టి, కడుపు నిమురుచు, అగస్త్యుని కడుపులో వాతాపి జీర్ణమైన కథను మనము తలచుకొందుము గదా. అదే వాతాపి పేర వెలసిన బాదామి రాజధానిగా నేలిన చాళుక్యులే మన ఆలంపురపు నవబ్రహ్మాలయములను కట్టించినది. ఆ గుళ్ళు పదమూడు వందల యేండ్లకు జీర్ణమైనవి గాని పాడుపడలేదు. ఈ భేదమును మన కన్నుల ముందరనే చూడవచ్చును. గద్వాలలో సోమనాద్రి కట్టించిన కోటగోడలు పెక్కుచోట్ల విరిగి శిథిలమైయున్నవి. లోపల చెన్నకేశవస్వామికి దీపమున్నది, కళాశాల పిల్లల సందడి యున్నది. వనపర్తి సంస్థానపు రాజభవనము, సంస్థానములు పోయిన పిదప, 1959లో పాలిటెక్నిక్ పాఠశాల యైనది. ఏటేట క్రొత్త పిల్లలు వచ్చుచున్నంతవరకు దానిని పాడు అనుట కెవ్వరికిని నోరాడదు.

ఈ మాటతో మనుష్యులను తిట్టుట యొకటి కలదు. ముద్దుగా "పాడుపిల్ల" యనుట వేఱు. భర్త పోయిన స్త్రీని, బిడ్డలు లేని స్త్రీని "పాడు" చేర్చి తిట్టుట మేము చెవులార వింటిమి. ఆ తిట్టునకు సరియైన యర్థము "నీవు జనము విడిచిన యూరివి" అని. అట్టి తిట్టు తిన్న యొక వృద్ధురాలి యింటిలోనే మేము అమరము నేర్చితిమి. ఆ యింటి అరుగు మీద ఏ సాయంకాలము చూచినను పదిమంది పిల్లలకు తక్కువ లేకుండిరి.

ఇదంతయు విప్పిచూచిన పిదప మా అత్తగారి కడకు పోయితిమి. మేము వ్రాసినది తప్పేయని చెప్పి, పాడు అనగా జనము విడిచినదని, తాము విడువలేదు గనుక ఆ మాట చెల్లదని, పై వ్యాకరణమంతయు చెప్పితిమి. ఆమె వినినది. వ్యాకరణమును గూర్చి ఏమియు అనలేదు. 1981వ యేటి సంగతి చెప్పినది. పురిటికి పుట్టింటికి పోయియుండగా ఖాళీచేయవలెనని దండోరా వేసిరట. గడువు దాటిన యిండ్లను కూల్చిరట. ఆమె తండ్రి తామే విప్పుకొందమని, దూలములు దించి, ద్వారబంధమును గోడ పగులగొట్టి యూడదీసి, బండిలో వేసెను. తొట్టెలపట్టె యొకటి మఱచిపోయిరి. ఆ రాత్రి కప్పులేని యింటిలో, తలుపులేని గడపమీద, ఆమె తల్లి ఎప్పటివలె దీపము పెట్టినది. బాలింతరాలికి మంచు తగులునని చుట్టును చీరలు కట్టిరట.

"గుళ్లకైతె రాయిరాయికి నంబరేసి మోసుకపోయిరి" అని కూడ అన్నది. అదియు నిజమే. కృష్ణాతుంగభద్రల కూడలిలోని కూడవెల్లి సంగమేశ్వరుని ఆలయమును రాయి రాయి విప్పి ఆలంపురమున మరల నిలిపిరి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని, సోమశిల గుళ్ళను నట్లే గట్టునకు చేర్చిరి. ఆ పని గొప్పదే. చూచి దండము పెట్టుకొని వచ్చినవారము. కాని దేవుని గర్భగుడి కొలతలన్నియు కాగితములలో నున్నవి. ఆమె పుట్టినింటి వంటయిల్లు తూర్పునకుండెనో దక్షిణమునకుండెనో చెప్పగలవారు ఇప్పుడామెయు, ఆమె తమ్ముడును మాత్రమే. ఆ విషయమున ఇద్దఱికిని మాట కలియదు.

రెవెన్యూ లెక్కలలో జనము లేని గ్రామమునకు బేచిరాగు అని పేరు. చిరాగు అనగా దీపము. దీపము లేని ఊరని యర్థము. ఇంత చక్కని మాట పట్వారీ దస్త్రములలో పడియుండుట మాకాశ్చర్యము. దీనిని ఆమెకు చెప్పి, "అట్లనవచ్చునా అత్తమ్మా?" అని యడిగితిమి. ఆమె కొంతసేపు చేటలోని రాళ్ళేరినది.

"మునిగింది అను. ఎండకాలం నీళ్లు తీస్తె తేల్తది. తేలినప్పుడు తేలింది అను."

నీరు బాగుగా తీసిన వేసవులలో ఆ యూళ్ళ నేల బయటపడును. మా వారు ఆమెను ఒకమాఱు తీసికొనిపోయిరి. మేమును వెంట నుంటిమి. ఒండ్రుమట్టి నెఱ్ఱెలువిచ్చి యుండెను. గోడల మొదళ్ళు, ఒక రోలు, బావి ఒర. ఆమె చీర కుచ్చిళ్ళెత్తి దోపుకొని, ఎవ్వరిని అడుగక, ఇచ్చట మలుపు, ఇచ్చట చింతచెట్టు అనుకొనుచు నడచినది. ఒక చోట ఆగి, చెప్పులు విడిచి, లోపల నడుగుపెట్టినది. మేము చూచినంతలో అచ్చట గడప లేదు. మేమును చెప్పులు విడిచితిమి.

ఆ గడప మా యింటిలోనున్నది. ఆమె తండ్రి బండిలో వేసికొని వచ్చిన ద్వారబంధమునే మా దేవునిగదికి పెట్టినారు. శుక్రవారము పసుపు వ్రాసెడు పని మాది.

మీ మీ ప్రాంతములలో బియ్యము, బట్ట, ఇల్లు, బావి చెడుటకు ఏ యే మాటలున్నవో వ్రాసి పంపుడు. మా జాబితాలో లేనివి ఎన్నియో యుండును. ముఖ్యముగా నల్లమల వైపు సోదరీమణులు ఇప్పపూవు చెడుటను ఏమందురో తెలిసికొనవలెనని మాకు చాలకాలముగా కోరిక.

సవరణ: గత మాసపు పుటలో "కృష్ణయొడ్డున పాడుపడిన యూళ్ళ" అను చోట "కృష్ణలో మునిగిన యూళ్ళ" అని దిద్దుకొన ప్రార్థన.